స్నేహితురాలి కొడుకును బడిలో ఏడిపిస్తున్నారు: నేను ఎంతవరకు కలుగజేసుకోవచ్చు?

ప్రశ్న – నాచారం నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. నేను అడగబోయేది నా పిల్లల గురించి కాదు, నా స్నేహితురాలి కొడుకు గురించి. ఆ తేడా వల్లనే ఏం చేయాలో తోచడం లేదు; సొంత బిడ్డ విషయమైతే ఈపాటికి ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని ఉండేదాన్ని.

ఆమె మా అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో ఉంటారు. మొన్నటి వేసవిలో శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాదుకు వచ్చారు. భర్త దుబాయిలో ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి ఇక్కడ ఆమె, అత్తగారు, ఏడో తరగతి చదివే కొడుకు మాత్రమే ఉంటారు. మా అమ్మాయి చదివే ప్రైవేటు పాఠశాలలోనే అబ్బాయినీ చేర్పించారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్తారు.

బడి తెరిచిన కొత్తలోనే బస్సు వెనక సీట్లలో కూర్చునే నలుగురైదుగురు అబ్బాయిలు అతని యాసను వెక్కిరించడం మొదలుపెట్టారట. "ఏటి" అని అతని నోట వస్తే చాలు, బస్సంతా అదే మాట పాడతారట. తర్వాత టిఫిన్ డబ్బా దాచేయడం, బ్యాగు కిటికీలోంచి విసిరేస్తామని బెదిరించడం, బాత్రూము దగ్గర తలుపు పట్టుకుని నిలబడడం వరకు వెళ్లింది. ఇప్పుడు అతను ఏడుస్తుండగా ఒకడు ఇంటి నుంచి తెచ్చిన ఫోనులో వీడియో తీసి, పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పిల్లవాడు ఇంట్లో ఏమీ చెప్పలేదు. రోజూ బస్సు దిగగానే బాత్రూముకు పరుగెత్తడం చూసి, తల్లి అనుమానించి, మెల్లగా అడిగితే బయటపడింది.

ఆమె ఈ సంగతి చెబుతూ, "ఎవరితోనూ అనకండి" అని నా దగ్గర మాట తీసుకున్నారు. భర్త ఫోనులో "వాణ్ణి కూడా రెండు తగిలించమను" అంటున్నారు. అత్తగారు "పల్లెటూరి పిల్లాణ్ణి తెచ్చి ఈ బడిలో ఎందుకు వేశావు" అంటున్నారు. ఫిర్యాదు చేస్తే ఆ పిల్లలు ఇంకా రెచ్చిపోతారేమోనని ఆమె భయం. నాకు మాత్రం కోపం ఆగడం లేదు. ఆ అబ్బాయిల్లో ఒకడి ఇల్లు మా పక్క బ్లాకులోనే ఉంది. నేరుగా వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడనా, కాలనీ గ్రూపులో పెట్టనా, లేక ఆమెతో కలిసి బడికి వెళ్లనా? బస్సులో ఆ అబ్బాయిని కనిపెట్టుకుని ఉండమని మా అమ్మాయికి చెప్పడం సరైనదేనా? స్నేహితురాలి మాట పోకుండా, పిల్లవాడికి మేలు జరిగేలా నేను చేయగలిగింది ఏమిటో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు – విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, మల్కాజిగిరి

అమ్మా, ముందు కాలనీ గ్రూపు ఆలోచన పూర్తిగా మానుకోండి. అక్కడ పెట్టిన మరుక్షణం ఈ సంగతి ఆమె చేతిలోనూ ఉండదు, మీ చేతిలోనూ ఉండదు. ఆ పిల్లవాడు లిఫ్టులో ఎక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు జాలిగా చూస్తారు, మరొకరు ఆరా తీస్తారు. బస్సులో పడుతున్న బాధ ఇంటి గుమ్మం దాకా వచ్చినట్టవుతుంది.

బడి లోపలి నుంచి చూసినదాన్ని కాబట్టి బడి సంగతి వివరంగా చెబుతాను. తల్లిదండ్రులు ఎక్కువగా చేసే పని, ఆవేశంగా వెళ్లి ప్రిన్సిపాల్ ఎదుట నోటితో చెప్పి రావడం. ప్రిన్సిపాల్ "చూస్తామమ్మా, మాట్లాడతాము" అంటారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ మధ్యాహ్నానికి ఫీజుల గొడవ, మర్నాటికి పరీక్షల టైమ్‌టేబుల్ వచ్చి పడతాయి. కాగితం మీద లేని ఫిర్యాదు ఎవరి బల్ల మీదా ఉండదు. కాబట్టి రాతపూర్వకంగా ఇవ్వాలి. మీరు ఆమెకు చేయగలిగిన మొదటి సాయం ఇక్కడే ఉంది. బాధలో ఉన్న తల్లికి నాలుగు వాక్యాలు వరుసగా రాయడం కూడా కష్టమే. ఒక నోటు పుస్తకంలో ఏ రోజు, ఏ చోట, ఎవరు, ఏం చేశారు, అప్పుడు అక్కడ ఇంకెవరు ఉన్నారు అన్నవి పిల్లవాడు చెప్పిన మాటల్లోనే ఆమె చెబుతుంటే మీరు రాయండి. దీనికోసం పిల్లవాణ్ణి మళ్లీ మళ్లీ కూర్చోబెట్టి అడగవద్దు. అతను ఇప్పటికే తల్లికి చెప్పినది చాలు, తర్వాత తనంతట తాను చెప్పినది చేర్చుకోవచ్చు.

ఫిర్యాదు ఇవ్వబోతున్న సంగతి మాత్రం అతనికి ముందే చెప్పాలి. తనకు తెలియకుండా పెద్దవాళ్లు కదిలారని తెలిస్తే, ఇకపై నోరు విప్పడు. "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇచ్చి తర్వాత తప్పడం కంటే, "ఎవరెవరికి చెప్పాలో నీతో అనుకునే చేస్తాము" అని ఆమె అతనితో అనడం మేలు.

ఉత్తరం క్లాస్ టీచరుకూ ప్రిన్సిపాల్‌కూ కలిపి రాసి, రెండో ప్రతి మీద అందినట్టు సంతకమూ బడి ముద్రా తీసుకోవాలి. తీసుకోవడానికి ఆఫీసులో వెనకాడితే బడి ఈమెయిలుకు పంపినా సరిపోతుంది. కార్పొరేట్ పాఠశాల అయితే ఇంకొక చిక్కు ఉంటుంది. అక్కడ ప్రిన్సిపాల్‌కు పేరు ఉంటుంది కానీ, బస్సుల మీద, సిబ్బంది మీద నిర్ణయం ఏఓ (పరిపాలనాధికారి) చేతిలోనో, పైన ఉండే ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్) చేతిలోనో ఉంటుంది. ఎవరు నిర్ణయించగలరో అడిగి, ఆ మనిషికి కూడా ఒక ప్రతి పంపండి.

ఉత్తరంలో ఏం అడుగుతున్నారన్నది ఫిర్యాదు కంటే ముఖ్యం. "ఆ పిల్లలకు టీసీ ఇచ్చి పంపండి" అని రాస్తే, ఫీజు కట్టే అయిదు కుటుంబాలను ఒక కుటుంబం కోసం వదులుకునే యాజమాన్యం ఉండదు. అప్పటి నుంచి బడి మొత్తం తనను తాను కాపాడుకునే పనిలో పడుతుంది. అంతకంటే, రేపటి నుంచే చేయగలిగినవి అడగండి. బస్సులో అతని సీటు డ్రైవరు వెనక, ఆయా పక్కన ఉండాలి. వెనక సీట్లలోని పిల్లలను వేరు వేరుగా కూర్చోబెట్టాలి. భోజనం వేళలోనూ విరామంలోనూ బాత్రూముల దగ్గర ఒకరికి డ్యూటీ వేయాలి. పిల్లవాడు ఏ క్షణాన అయినా వెళ్లి చెప్పుకోగలిగే ఒక టీచరును పేరుతో సహా చూపించాలి. వీటిని సమీక్షించడానికి మళ్లీ కలిసే తేదీ అప్పుడే పెట్టుకోవాలి. ఇలాంటివి అడిగితే కాదనడానికి బడికి కారణం దొరకదు.

ఒక మాట గట్టిగా చెప్పదలిచాను. చాలా పాఠశాలల్లో రెండు పక్షాల పిల్లలనూ ఆఫీసు గదిలో నిలబెట్టి, "సారీ చెప్పు, చేతులు కలుపు" అనిపించి ముగించేస్తారు. ఇద్దరు సమానులు కొట్టుకున్నప్పుడు అది పనికొస్తుంది. అయిదుగురు ఒకణ్ణి ఏడిపించినప్పుడు, ఆ ఒక్కడు వాళ్ల ఎదుట నిలబడి తన అవమానాన్ని మళ్లీ వినిపించాల్సి వస్తుంది, సాయంత్రం అదే బస్సు ఎక్కాల్సి వస్తుంది. దానికి ఒప్పుకోవద్దని ఆమెకు ముందే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆ గదిలో కూర్చున్నప్పుడు కాదనడానికి మొహమాటం అడ్డొస్తుంది.

అది సీబీఎస్‌ఈ పాఠశాల అయితే, 2015 మార్చిలో ఆ బోర్డు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బుల్లీయింగ్ నివారణకు ఒక కమిటీ ఉండాలి. అందులో వైస్ ప్రిన్సిపాల్, సీనియర్ టీచరు, డాక్టరు, కౌన్సెలర్, తల్లిదండ్రుల ప్రతినిధి వంటివారు ఉండాలి. "మన బడిలో ఆ కమిటీలో ఎవరెవరున్నారో తెలియజేయగలరు" అని ఉత్తరం చివర ఒక్క వాక్యం రాస్తే చాలు, చదివేవారి తీరు మారుతుంది. బోర్డు ఏదైనా, 2025 జూలైలో సుప్రీంకోర్టు విశాఖపట్నంలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో ఏర్పాటు చేసుకోవాలి.

ఎంత అడిగినా కదలకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి రాయవచ్చు. నాచారం మనందరి నోటా హైదరాబాదే అయినా, 2016లో జిల్లాలు విడిపోయినప్పటి నుంచి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కిందికి వస్తుంది. హైదరాబాదు డీఈఓ కార్యాలయానికి వెళ్లి, ఇది మాది కాదనిపించుకుని తిరిగొచ్చిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. ఆపైన రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉండనే ఉంది. అయితే మొదటి ఉత్తరం నుంచే ఈ పేర్లతో బెదిరించవద్దు.

ఇక మీరు వెంట వెళ్లవచ్చా అంటే, ఆమె రమ్మంటే తప్పక వెళ్లండి, కానీ మాట్లాడేది ఆమే కావాలి. మీరు పక్కన కూర్చుని, ఎవరు ఏం హామీ ఇచ్చారో రాసుకోండి. ఇంటికి వచ్చాక అదంతా ఒక చిన్న ఈమెయిలుగా ఆమె పేరుతో బడికి పంపించండి. రెండో మనిషి పక్కన ఉన్నారంటేనే ఆ గదిలో మాటలు కాస్త ఆచితూచి వస్తాయి.

జవాబు – పిల్లల మనస్తత్వ నిపుణురాలు, సికింద్రాబాద్

పై జవాబులో బడి సంగతి సమగ్రంగా ఉంది. నేను పిల్లవాడి గురించి, తల్లి గురించి మాత్రం రాస్తాను.

సాయంత్రం ఇంటికి రాగానే బాత్రూముకు పరుగెత్తడాన్ని ఆ తల్లి గమనించడం చాలా విలువైన విషయం. పెద్దల కన్ను పడని చోటు కాబట్టి, వేధింపులకు గురయ్యే పిల్లలు బడి బాత్రూముకు వెళ్లడమే మానేస్తారు. అందుకోసం నీళ్లు తాగడం కూడా తగ్గిస్తారు. ఆదివారం రాత్రి కడుపునొప్పి, పెన్సిళ్లూ జామెట్రీ బాక్సులూ తరచూ పోవడం, కారణం చెప్పకుండా డబ్బులు అడగడం కూడా ఇలాంటి జాడలే. పిల్లవాడు రోజూ నీళ్లు తక్కువ తాగుతూ మూత్రం ఆపుకుంటున్నాడేమో కనుక్కుని, అవసరమైతే పిల్లల డాక్టరుకు కూడా చూపించమనండి.

తండ్రి ఇస్తున్న సలహా ప్రేమతో ఇచ్చినదే, దూరంలో ఉన్న మనిషికి చేతనైనది కూడా అదే. కానీ పనిచేయదు. ఈ విషయం మీద 1970ల నుంచి పరిశోధన చేసిన నార్వే శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్, మామూలు కొట్లాటకూ వేధింపుకూ తేడా చూపడానికి మూడు లక్షణాలు చెప్పారు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, చేసేవారికీ పడేవారికీ మధ్య బలంలో తేడా ఉండడం. ఆ మూడో లక్షణం వల్లనే తిరగబడమనే సలహా బెడిసికొడుతుంది. అయిదుగురిలో ఒకణ్ణి కొడితే మిగతా నలుగురు ఊరుకోరు. పైగా టీచరు కంట పడేది చాలాసార్లు ఆ చివరి దెబ్బే, దాంతో శిక్ష ఇతనికి పడుతుంది. మీ స్నేహితురాలు భర్తతో వాదించనక్కరలేదు. బడికి ఇచ్చిన ఉత్తరం ఫోటో తీసి ఆయనకు పంపి, "మీరు కూడా ప్రిన్సిపాల్‌తో ఫోనులో మాట్లాడండి" అంటే, ఆయన కోపానికి ఒక పని దొరుకుతుంది.

అత్తగారి మాట మాత్రం పిల్లవాడి చెవిన పడకుండా చూడాలి. పల్లెటూరి నుంచి రావడం వల్లనే ఇది జరిగిందని ఇంట్లో అంటే, వెనక సీటు పిల్లలు చెబుతున్నదే నిజమని అతను అనుకుంటాడు. అతని మాట తీరును దిద్దే పని కూడా ఇప్పుడు ఎవరూ పెట్టుకోకూడదు. యాస పోయిన రోజున వాళ్లు కళ్లద్దాలనో, ఒంటి రంగునో, మార్కులనో పట్టుకుంటారు. తప్పు తన పెంపకంలో ఉందేమోనని తల్లి కుమిలిపోతుంటే, 2019లో యునెస్కో ప్రచురించిన నివేదికలోని ఒక్క సంగతి చెప్పండి: ప్రపంచవ్యాప్తంగా దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు, అంతకు ముందు నెల రోజుల్లో తోటి పిల్లల చేతిలో వేధింపుకు గురైనట్టు చెప్పారు. ఇది ఊరి వల్ల వచ్చిన కష్టం కాదు.

మీరు ఆ పిల్లవాడితో మాట్లాడవలసి వస్తే, ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేయవద్దు. బజారుకు వెళ్తూ, స్కూటీ మీద వస్తూ, కూరగాయలు తీసిపెడుతూ ఉన్నప్పుడు పిల్లలు తేలికగా మాట్లాడతారు, ఎందుకంటే అప్పుడు ముఖంలోకి చూడవలసిన అవసరం ఉండదు. "నువ్వేం చేశావు వాళ్లను" అన్న మాట ఎట్టి పరిస్థితిలోనూ రాకూడదు. అతనికి ఇష్టమైన క్రికెట్టో చదరంగమో ఏదో ఒకటి బడితో సంబంధం లేని పిల్లలతో ఆడే అవకాశం కల్పించడం మీకు సులువుగా సాధ్యపడే సాయం.

మీ అమ్మాయి గురించి అడిగారు. ఆమెను కాపలాదారుగా పెట్టవద్దు. రోజూ సాయంత్రం ఆమె దగ్గర నివేదిక అడిగితే, ఆ బరువు ఆమె చదువు మీద పడుతుంది, ఆ పిల్లవాడికీ తనను ఎవరో కనిపెడుతున్నారన్న చిన్నతనం కలుగుతుంది. అయితే చూసేవారి పాత్ర చిన్నది కాదు. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి బృందం 1996 నుంచి చేసిన పరిశోధనలు, వేధించేవాడికి ఊపునిచ్చేది చుట్టూ ఉన్నవారి నవ్వేనని, ఒకరిద్దరు బాధితుడి పక్కకు చేరినా ఆ ఊపు తగ్గుతుందని చూపించాయి. ఆ దేశపు పాఠశాలల్లో అమలైన కీవా అనే కార్యక్రమం దాని మీదే నిలబడింది. మీ అమ్మాయికి ఇష్టమైతే, బస్సులో అతన్ని పేరుపెట్టి పలకరించి, పక్క సీట్లో కూర్చుని ఏదైనా మామూలు సంగతి మాట్లాడితే చాలు. వాళ్లతో వాదించడం ఆమె పని కాదు. ఆ వీడియో తన ఫోనుకు వస్తే ఎవరికీ పంపకుండా మీకు చూపించమనండి.

ఒక్క విషయంలో మాత్రం స్నేహితురాలికి ఇచ్చిన మాటను పక్కన పెట్టాలి. పిల్లవాడు చచ్చిపోవాలని ఉందన్నా, ఒంటికి గాయాలు చేసుకున్నా, తన వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా, అతన్ని ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించాలంటే ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల ఉంది, పిల్లల కోసం నిలోఫర్ ఆసుపత్రి ఉంది. పిల్లల సహాయ నంబరు 1098 కూడా గుర్తుంచుకోండి.

జవాబు – ఒక తండ్రి, కూకట్‌పల్లి

నేను అవతలి పక్షం నుంచి రాస్తున్నాను. నిరుడు మా అబ్బాయి మీద ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. అదృష్టవశాత్తు అది బడి ద్వారా, తేదీలతో, ఏ రోజు ఏం జరిగిందో రాసిన కాగితంగా వచ్చింది. దాన్ని చదివి మా వాణ్ణి అడిగితే బుకాయించడానికి వీలు లేకపోయింది. అదే ఆ పిల్లవాడి తల్లో, ఆమె తరఫున మరెవరో మా గుమ్మంలో నిలబడి అరిచి ఉంటే, నేను ముందు నా కొడుకు పక్షమే తీసుకుని ఉండేవాణ్ణి. ఏ తండ్రైనా అంతే. ఆ రోజు తీసుకున్న పక్షాన్ని తర్వాత మార్చుకోవడానికి పరువు అడ్డొస్తుంది.

కూర్చోబెట్టి అడిగాక తెలిసింది ఏమిటంటే, అదే బస్సులో మా వాణ్ణి అంతకు ముందు సంవత్సరం పదో తరగతి పిల్లలు ఇలాగే ఏడిపించారు. అది చేసిన పనికి సాకు కాదు. కానీ బస్సులో పెద్దవాళ్లు చూడని ఒక మూల ఉన్నంత కాలం, అక్కడ కూర్చునే పిల్లలు మారినా పని మారదని చెప్పడానికి రాస్తున్నాను. బస్సులో కెమెరా ఉందా, ఉంటే అది పనిచేస్తున్నదా, దాన్ని ఎవరైనా చూస్తున్నారా అని బడిని అడగండి. మేము అడిగినప్పుడు మొదటి ప్రశ్నకు మాత్రమే వెంటనే జవాబు దొరికింది.

పక్క బ్లాకు వారితో మీ పలకరింపులు మాత్రం మానవద్దు. బడి నుంచి కబురు వెళ్లాక వాళ్లే మీ దగ్గరికి రావచ్చు.

జవాబు – న్యాయవాది, రంగారెడ్డి జిల్లా కోర్టులు

చట్టం గురించి అపోహలు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి క్లుప్తంగా రాస్తాను.

"పోలీసు కేసు పెడతాం" అని తోటి పిల్లలను బెదిరించడం వల్ల ఫలితం ఉండదు. ఏడేళ్ల లోపు పిల్లలు చేసిన పని నేరమే కాదని, ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు వారి విషయంలో తాము చేసిన పని స్వభావాన్ని గ్రహించే పరిపక్వత వారికి లేకపోతే నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 20, 21 సెక్షన్లు చెబుతున్నాయి. ఆపై వయసు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వారి సంగతి జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. ఘోరమైన నేరాలు, పెద్దలతో కలిసి చేసిన నేరాలు మినహా, పిల్లల మీద ఎఫ్ఐఆర్ కాకుండా స్టేషన్ డైరీలో నమోదు చేసి, ఆ పిల్లవాడి కుటుంబ నేపథ్యంతో నివేదిక పంపాలని 2016 నాటి జువెనైల్ జస్టిస్ నియమాలు నిర్దేశిస్తున్నాయి.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌ను చాలామంది ఇక్కడ ఉదహరిస్తారు. శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించే ఆ సెక్షన్, ఉల్లంఘించినవారి మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని చెబుతున్నది కాబట్టి, ఆచరణలో టీచర్ల మీద ఫిర్యాదులకే పనికొస్తుంది. తోటి పిల్లల వేధింపు తెలిసి కూడా బడి కావాలని నిర్లక్ష్యం చేసి, దానివల్ల బిడ్డకు శారీరకంగానో మానసికంగానో అనవసర బాధ కలిగితే, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద వాదించే వీలుంది. "తెలిసి కూడా" అన్నది నిరూపించడానికి ఆ సంతకం పెట్టించుకున్న రెండో ప్రతే ఆధారం.

ఇక వీడియో. స్క్రీన్‌షాట్ తీసి, గ్రూపు పేరు, పెట్టిన నంబరు, తేదీ కనిపించేలా దాచండి. ఆపైన దాన్ని తొలగింపజేయమని ఉత్తరంలో కోరండి. ఎవరికీ, సానుభూతి కోసమైనా సరే, ముందుకు పంపవద్దు. తొలగించకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు.

అయితే ఆ వీడియోలో గానీ, బాత్రూము దగ్గర జరిగినదానిలో గానీ, బట్టలు లాగడం, మర్మాంగాలను తాకడం, చూపించమని బలవంతపెట్టడం వంటివి ఉంటే సంగతి వేరు. అప్పుడు పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే పోక్సో చట్టం 2012 వర్తిస్తుంది. దాని 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. బడి యాజమాన్యం దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఇది మీకూ వర్తిస్తుంది, ఎవరికీ చెప్పనని మీరు ఇచ్చిన మాట అక్కడ నిలవదు. ఈ ఒక్క విషయం తల్లి పిల్లవాణ్ణి నెమ్మదిగా, ఒక్కసారే అడిగి తెలుసుకోవడం అవసరం.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. పేరు, వివరాలు లేకుండానే అడిగానని నా స్నేహితురాలికి చెప్పి, మీ జవాబులను ఆమెకు చదివి వినిపించాను. న్యాయవాది గారు హెచ్చరించినటువంటిది ఏదీ జరగలేదని పిల్లవాడు తల్లితో చెప్పాడు. ఉత్తరం ఇద్దరం కలిసి రాశాము. "తరగతిలో నా పేరు చెప్పి అందరి ముందూ మాట్లాడకూడదు" అని పిల్లవాడు ఒక్క షరతు పెట్టాడు, దాన్ని కూడా ఉత్తరంలో చేర్చాము. ప్రిన్సిపాల్ గదిలో నేను మీరు చెప్పినట్టు రాసుకుంటూ కూర్చున్నాను. చేతులు కలిపించే మాట నిజంగానే వచ్చింది, ఆమె వద్దన్నారు. సీటు మార్చారు, ఒక టీచరును చూపించారు, వీడియోను గ్రూపులోంచి తొలగింపజేశారు. బాత్రూముల డ్యూటీ గురించి "సిబ్బంది తక్కువ" అన్నారు. దసరా సెలవుల తర్వాత మళ్లీ కలవమన్నారు.

ఇప్పుడు ఆమె దసరాకే బడి మార్పించేద్దామా అని ఊగిసలాడుతున్నారు. నేను ఏమనాలి?

జవాబు – విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, మల్కాజిగిరి

మార్చమనీ వద్దనీ మీరు అనకండమ్మా. అది ఆ కుటుంబం తీసుకోవలసిన నిర్ణయం. రేపు కొత్త బడిలో ఏదైనా జరిగితే ఆ మాట మీ ఇద్దరి మధ్యా నిలిచిపోతుంది. ఆమె ఆలోచించుకోవడానికి కావలసిన వివరాలు మాత్రం సేకరించి ఇవ్వండి: మధ్యలో మానేస్తే కట్టిన ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారు, టీసీ ఎన్ని రోజుల్లో వస్తుంది, దగ్గరలోని బడుల్లో ఏడో తరగతిలో ఖాళీలున్నాయా, అక్కడ బస్సులో పెద్ద తరగతుల పిల్లలూ చిన్నవారూ కలిసే వెళ్తారా. ఏడో తరగతి కాబట్టి మధ్యలో మారినా చదువుకు పెద్ద నష్టం లేదు, అదే తొమ్మిదో పదో అయితే నేను వేరేలా చెప్పేదాన్ని. పిల్లవాణ్ణి కూడా అడగాలి. కొందరికి పారిపోయామన్న బాధ మిగులుతుంది, కొందరికి ఊపిరి తిరుగుతుంది, ఏది ఇతని సంగతో అతనికే తెలుసు.

బాత్రూముల డ్యూటీని వదలవద్దు. సిబ్బంది తక్కువన్న మాటను కూడా ఈమెయిల్లో రాసి పంపండి, విరామంలో ఆ వరండాలో ఒక ఆయాను కూర్చోబెట్టడానికి అదనపు జీతం అక్కరలేదు. సెలవుల తర్వాతి మొదటి వారమే అసలు పరీక్ష, ఎందుకంటే ఇలాంటి పిల్లలు మందలించగానే కొన్నాళ్లు తగ్గి, పెద్దలు మరిచిపోయారనుకున్నాక చాటుగా మళ్లీ మొదలుపెడతారు. అందుకే ఆ సమావేశంతో పాటు సంక్రాంతి ముందు ఇంకొకటి కూడా ఇప్పుడే అడిగి తేదీ రాయించుకోండి.